సెమీకోలన్ తర్వాత రాసినవి

అవనిగడ్డ,
12 ఆగస్టు 2024

ప్రేమ్‌కి,

రూతు అత్త వందనాలు. నువ్వూ, ఝాన్సీ, పిల్లా క్షేమమని తలుస్తాను. ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వకు. కవరు అంటించిన చోట చిరిగి ఉందేమో చూశావా? చూడకపోతే ఇప్పుడు చూడు.

ఇది ఫోన్‌లో చెప్పే సంగతి కాదు. ఆసుపత్రి ఫోన్లన్నీ ఇప్పుడు విల్సన్ చేతిలో ఉన్నాయి. నువ్వు మానేసిన రెండేళ్లకి నీ కుర్చీలోకి వచ్చిన కుర్రాడు. మంగినపూడి దగ్గర చేపల వేటకి వెళ్లే కుటుంబం. మాట తక్కువ. ఎప్పుడూ చెవులకి ఏవో తగిలించుకుని వింటుంటాడు. ఏం వింటాడో ఎవరికీ తెలియదు. పోయిన క్రిస్మస్‌కి నా సెల్లు కూడా అతనే బాగుచేసి ఇచ్చాడు. అందులో ఏం పెట్టాడో అని ఇప్పుడు దాన్ని ముట్టుకోవాలంటేనే భయంగా ఉంది.

ఆగస్టు రెండున, శుక్రవారం, ఉదయం పదిన్నరకి నాగాయలంక వైపు పొలంలో నాట్లు వేస్తుంటే చిట్టెమ్మ అనే ఆవిడని రక్తపింజర కరిచింది. భర్త పిచ్చేశ్వరరావు కౌలు చేసుకునే మనిషి. మన అంబులెన్స్ కోసం నాలుగుసార్లు ఫోన్ చేశాడట. "నాలుగుసార్లూ ఎత్తారండీ. ఎత్తి, పాట పెట్టి, కట్ చేసేశారు" అంటున్నాడు. ఇక లాభం లేదని ఆటోలో వేసుకుని బందరు తీసుకెళ్లాడు. ప్రాణం దక్కింది. కిడ్నీలు దెబ్బతిని ఇప్పుడు విజయవాడలో ఉంది.

ఆ ఉదయం ఎనిమిదింటి నుంచి నేను ఆపరేటర్ కుర్చీ దిగలేదు ప్రేమ్. ఆ ఫోన్ నా బల్ల మీద మోగలేదు. కానీ కంప్యూటర్ జాబితాలో నాలుగూ 'ఎత్తినవి' అనే పడ్డాయి. మేనేజరు దేవసహాయం గారు నన్ను పిలిచి, "ముప్పై ఏళ్ల సర్వీసు మీది రూతమ్మగారూ. కునుకు పట్టిందా, నిజం చెప్పండి" అన్నారు. విల్సన్ పక్కనే నిలబడి నేల చూస్తున్నాడు. ఆపరేటర్ లేకపోయినా ఈ ఫోన్లు నడుస్తాయని అతను ఎవరితోనో అన్నాడని నాకు ఎప్పుడో తెలుసు. నన్ను సాగనంపడానికే ఏదో చేశాడని నా అనుమానం.

ఆ ఫోన్ల కంప్యూటర్‌ని మొదట పెట్టినవాడివి నువ్వే. ఏం చూడాలో చెప్పు. ఫోన్ మాత్రం చెయ్యకు.

నీ మేనత్త,
రూతు


గుడివాడ,
16 ఆగస్టు 2024

అత్తకు వందనాలు.

కవరు బాగానే ఉంది. నవ్వలేదు. నీ అనుమానం నిజం కావచ్చు.

మోగని ఫోన్ 'ఎత్తినది' అని పడిందంటే, ఎత్తింది నువ్వు కాదు, యంత్రం. పాట వినిపించాలంటే ముందు యంత్రమే లైను ఎత్తాలి. ఆ నాలుగు ఫోన్లని నీ బల్ల దాకా రానివ్వకుండా ఎవరో పాటకి మళ్లించారు. అలా మళ్లించాలంటే కాన్ఫిగరేషన్ ఫైలులో రాయాలి. ఫోన్ ఎటు వెళ్లాలో చెప్పేది ఆ ఫైలే.

దాని నకలు నాకు కావాలి. చూడ్డానికి భయపెడుతుంది గానీ పద్ధతి తేలికే. ఒక్కో భాగానికి పైన చదరపు బ్రాకెట్లలో పేరు ఉంటుంది. కింద లైన్లు. ప్రతి లైనులో సమానం గుర్తూ, బాణం మొనా, ఆపైన ఏ నంబరు, వరుసలో ఎన్నోది, ఏం చెయ్యాలి, ఈ మూడూ కామాలతో. నంబరు ముందు కింద గీత ఉంటే అది ఒక్క నంబరు కాదు, ఒక రకం నంబర్లన్నీ అని. కామా పోతే అర్థమే మారిపోతుంది, కాబట్టి చూసి రాయి. సెమీకోలన్ తర్వాత ఉన్నదాన్ని యంత్రం చదవదు. అది మనుషుల కోసం రాసుకునే మాట.

నేనే వచ్చి చూడొచ్చు కదా అంటావేమో. పిడుగుపడి కంప్యూటర్ కాలిపోతే అందరి ముందూ నన్ను నిలబెట్టి అడిగిన దేవసహాయం గారి గడప నేను తొక్కను. ఇక్కడ పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పుకుంటూ ప్రశాంతంగా ఉన్నాను.

ప్రేమ్


అవనిగడ్డ,
23 ఆగస్టు 2024

ప్రేమ్‌కి,

వందనాలు. దీంతో పాటు పదకొండు కాగితాలు ఉన్నాయి, లెక్క చూసుకో. విచారణ కోసం దేవసహాయం గారు ఆ ఫైలు ప్రింటు తీయించి రికార్డు గదిలో పెట్టించారు. నాలుగు రోజులు భోజనం గంటలో అక్కడ కూర్చుని రాశాను. యంత్రం చదివేదంతా కామాతో సహా రాశాను. ఒక్కో లైను వేలు పెట్టి రెండుసార్లు సరిచూశాను. కళ్లు మండిపోతున్నాయి.

మూడో రోజు విల్సన్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "మేడమ్, చేత్తో ఎందుకండీ, కావాలంటే నేనే ఇంకో ప్రింటు తీసిస్తాను" అన్నాడు. ఎంత మర్యాదో చూడు. అతనిచ్చే ప్రింటులో ఏం మారుస్తాడో! అక్కర్లేదన్నాను. నా కాగితాల వైపు చూసి, "అంతా చదవండి మేడమ్" అని వెళ్లిపోయాడు. బెదిరింపో ఏమిటో అర్థం కాలేదు.

మార్తమ్మ పిన్ని మోకాళ్లు మళ్లీ వాచాయి. ఝాన్సీ చేసిన గోంగూర పచ్చడి అయిపోయిందని చెప్పమంది.

మీ అత్త,
రూతు


గుడివాడ,
27 ఆగస్టు 2024

అత్తకు,

దొరికాడు.

నీ తొమ్మిదో కాగితం చూడు. పాట వినిపించే భాగం కింద నేను రాయని మూడు లైన్లు ఉన్నాయి. పాటకి వచ్చిన ఫోన్లన్నీ ముందు ఒక బయటి సెల్లుకి మోగుతాయి. అక్కడ ఎత్తకపోతేనే పాట వచ్చి కట్ అవుతుంది. ఆ సెల్లు ఎవరిదో కనుక్కున్నాను. విల్సన్‌దే.

రోగుల ఫోన్లు ఆసుపత్రి బల్లకి కాకుండా ఒక మనిషి జేబులోకి వెళ్తున్నాయంటే ఎందుకో వేరే చెప్పాలా? ఏ ప్రైవేటు ఆసుపత్రివాళ్లతోనో మాట్లాడుకుని ఉంటాడు. పైన ఒక్క వివరణ లేదు. నిజాయితీగా పనిచేసేవాడు ఇలాంటి లైను రాస్తే, ఎందుకు రాశాడో సెమీకోలన్ పెట్టి పక్కన చెప్పుకుంటాడు. ఇతను దాచాడు.

ఈ ఉత్తరం విచారణ కమిటీకి చూపించు. నా పేరు చెప్పడానికి నాకు అభ్యంతరం లేదు.

ప్రేమ్


అవనిగడ్డ,
6 సెప్టెంబరు 2024

ప్రేమ్‌కి,

వందనాలు. కృష్ణకి వరద వచ్చి లంకలు మునిగాయి. కరకట్ట మీద జనం, పశువులు. నాలుగు రోజులు ఇంటికి వెళ్లలేదు, అందుకే ఆలస్యం.

వరదకి ముందు రోజే కమిటీ కూర్చుంది. నీ ఉత్తరం దేవసహాయం గారే పైకి చదివారు. 'దొరికాడు' అన్న మాట దగ్గర ఆగి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. విల్సన్‌ని అడిగారు, "ఆ సెల్లు నీదేనా?" అని.

"నాదేనండి" అన్నాడు.

"ఎందుకు పెట్టావు?"

"ఫైలులో రాశానండి. చదవండి."

"ప్రేమ్ కుమార్ చదివే రాశాడు" అన్నారు ఆయన. అప్పుడు విల్సన్ నా వైపు చూశాడు. ఏదో అడగబోయి మానుకున్నాడు. అంత పొగరు నేనెక్కడా చూడలేదు. పాము కరిచిన రోజు సెల్లు ఎందుకు ఎత్తలేదంటే, బందరులో వాళ్లమ్మకి కంటి ఆపరేషన్, ఫోన్ ఆపేయమన్నారు అన్నాడు. ఎవరూ నమ్మలేదు. ఆ సాయంత్రమే ఉద్యోగం నుంచి తీసేశారు. బయటి మనిషిని పిలిపించి ఆ మూడు లైన్లూ తీయించారు.

గెలిచాననే అనిపించింది. కానీ వరద రోజుల్లో లంక ఊళ్ల వాళ్లు పడవల మీద వచ్చి నన్నే తిట్టారు. "ఎన్నిసార్లు చేసినా పాటేనా?" అంటూ. విల్సన్ లేడు, లైన్లు లేవు. మరి పాట ఎక్కడిది?

రూతు


అవనిగడ్డ,
20 సెప్టెంబరు 2024

ప్రేమ్‌కి,

నువ్వు జవాబు రాయలేదు. పోస్టాఫీసులో అడిగాను, నీకు అందిందనే అంటున్నారు.

పాటకి పోయే ఫోన్లు తగ్గలేదు, పెరిగాయి. తిట్టడానికి వచ్చినవాళ్లని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఏ నంబరు నుంచి చేశారో అడిగి రాసుకున్నాను. పదమూడు మంది. మొన్న ఆ కాగితం ముందు పెట్టుకుని చూస్తే పదమూడు నంబర్లూ ఆరుతోనే మొదలవుతున్నాయి. పిచ్చేశ్వరరావుదీ అంతే. నా బల్ల మీద మోగే ఫోన్లలో ఒక్కటీ ఆరుతో మొదలవడం లేదు. రెండు రోజులు కూర్చుని చూశాను.

నీకు పంపిన నకలులో రెండో కాగితం మీద ఒక లైను ఉంది. చదరపు బ్రాకెట్లలో 789 అని, ఆ తర్వాత తొమ్మిది ఎక్స్‌లు. ఎక్స్ అంటే ఏమిటి? ఆ లైను ఎవరు రాశారు?

మీ అత్త,
రూతు


గుడివాడ,
28 సెప్టెంబరు 2024

అత్తకు,

కాలేజీలో పరీక్షలు, తీరిక లేదు. ఆరుతో మొదలవడం యాదృచ్ఛికం అయ్యుండొచ్చు. వరదకి టవర్లు దెబ్బతిన్నాయి కదా. బయటి మనిషి వచ్చి లైన్లు తీసినప్పుడు ఇంకేదైనా చెడగొట్టాడేమో.

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. ఈ బ్రాకెట్ల ప్రశ్న నీకు నువ్వుగా అడిగిందేనా? దేవసహాయం గారు నీ చేత రాయిస్తున్నారా? లేక విల్సన్ కలిశాడా? ఆ నకలు నీ దగ్గర ఇంకొకటి ఉంటే ఎవరికీ చూపించకు. తెలియనివాళ్ల చేతిలో పడితే అపార్థాలు వస్తాయి.

ప్రేమ్


అవనిగడ్డ,
2 అక్టోబరు 2024

ప్రేమ్‌కి,

నా చేత ఎవరూ రాయించడం లేదు. మీ నాన్నకి అక్షరాలు దిద్దించిన చెయ్యి ఇది.

నీ ఉత్తరం చదివాక, నా ప్రశ్నకి జవాబు ఎక్కడుందా అని మూడుసార్లు వెతికాను. లేదు. ఎవరికీ చూపించకు అన్న మాట మాత్రం ఉంది. అందుకే రికార్డు గదికి వెళ్లి ఆ ప్రింటు మళ్లీ తీశాను. ఈసారి, అప్పుడు వదిలేసినవి చదివాను.

అవును, వదిలేశాను. సెమీకోలన్ తర్వాత ఉన్నది యంత్రం చదవదని నువ్వే రాశావు. యంత్రం చదవనిది నీకెందుకని, కళ్లు మండుతుంటే ఆ లైన్లన్నీ దాటేశాను. నలభై దాకా ఉన్నాయి. నువ్వు రాయని మూడు లైన్ల మీద విల్సన్ ఇంగ్లీషులో రాసింది ఇది. మన మాటల్లో రాస్తున్నాను:

"; ఆరుతో మొదలయ్యే నంబర్లు పై భాగంలోని పాత లైనులో లేవు. అవి ఆపరేటర్‌కి వెళ్లకుండా పాటకి వస్తున్నాయి. మార్చడానికి అనుమతి అడిగాను. ఆపరేటర్ మేడమ్ వద్దన్నారు. విల్సన్, మార్చి 11.

; అనుమతి వచ్చేదాకా ఇవి నా సెల్లుకి మోగుతాయి. ఎవరైనా చేస్తే నేనే అంబులెన్స్‌కి చెబుతాను. అనుమతి రాగానే ఈ మూడు లైన్లూ తీసేయాలి."

వద్దన్నది నేనే ప్రేమ్. మార్చిలో, మట్టలాదివారానికి ముందు ఎప్పుడో నా బల్ల దగ్గరికి వచ్చి, "మేడమ్, పాత ఫైలులో ఒక అంకె తక్కువుంది, చేర్చమంటారా?" అని అడిగాడు. "అది మా ప్రేమ్ రాసింది. అందులో ఒక్క అక్షరం ముట్టుకోకు" అన్నాను. ఏ అంకె అని కూడా అడగలేదు. నీ కుర్చీలో కూర్చున్నాడనే కోపం తప్ప నాకు ఇంకేమీ గుర్తులేదు. అతను ముట్టుకోలేదు. ఐదు నెలలు ఆ ఫోన్లు తన జేబులో మోసి, ఒక్కరోజు తల్లి కళ్ల కోసం ఆపాడు. కమిటీలో నా వైపు చూసింది నా పేరు చెప్పాలా వద్దా అని. చెప్పలేదు.

నా తప్పు నేను దేవసహాయం గారికి చెప్పేశాను. నీది నువ్వు రాస్తావా, నేను వచ్చి అడగాలా?

రూతు


గుడివాడ,
7 అక్టోబరు 2024

రూతు అత్తకు వందనాలు.

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. శనివారం బందరు బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో మంగినపూడి వెళ్లాను. ఆ సంగతి తర్వాత రాస్తాను. ముందు ఇది రాయాలి. దీన్ని ఎవరికి చూపించాలనుకుంటే వాళ్లకి చూపించు.

ఆ లైను నేను రాసిందే. 2015లో ప్రకటనల ఫోన్లు ఎక్కువై నీకు ఊపిరాడేది కాదు, గుర్తుందా? నిజమైన సెల్లు నంబర్లు, చుట్టుపక్కల ఇళ్ల నంబర్లు నీకు వచ్చేలా, మిగిలినవి పాటకి పోయేలా రాశాను. అప్పుడు మన దగ్గర సెల్లు నంబర్లు ఏడు, ఎనిమిది, తొమ్మిదితోనే మొదలయ్యేవి. బ్రాకెట్లలో ఉన్నవి మొదటి అంకెగా రాగలవి, ఎక్స్ అంటే ఏ అంకైనా. ఆరు తర్వాత వచ్చింది. ఆగస్టు రెండున పిచ్చేశ్వరరావు గారు నాలుగుసార్లూ సరైన నంబరుకే చేశారు. నాలుగుసార్లూ యంత్రమే ఎత్తింది. ఆయన మాట ఏ మనిషికీ వినిపించలేదు. దానికి కారణం నేను రాసిన ఆ లైను.

నీ నకలులో ఆ లైను మొదటి రోజే కనిపించింది. నాది కదా అని దాటేశాను. విల్సన్ రాసిన మూడు లైన్లు మాత్రం నాలుగుసార్లు చదివాను, తప్పు కనిపించేదాకా. నువ్వు ఆరు అని రాసిన రోజే నాకు అంతా తెలిసిపోయింది. తెలిసి, ఎనిమిది రోజులు ఆగి, టవర్ల సంగతి రాశాను. ఇంకా ఘోరం, నిన్నే అనుమానించాను.

మంగినపూడిలో విల్సన్ ఇంటి ముందు వల సరిచేస్తున్నాడు. వాళ్లమ్మ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. నేనెవరో చెప్పాను. లేచి కుర్చీ తెచ్చి వేశాడు. అంతా విన్నాడు.

"ఆ లైను తప్పేం కాదండీ. పాతబడిందంతే" అన్నాడు. వల పక్కకి జరిపి, "నా గురించి మీరు రాసింది మాత్రం అలా కాదు" అన్నాడు.

క్షమించమని అడిగాను. "ముందు దేవసహాయం గారికి ఫోన్ చెయ్యండి. ఆ బ్రాకెట్లలో ఆరు చేర్పించండి. ఇంకా మోగుతూనే ఉంటాయి కదా" అన్నాడు. మూడేళ్లలో మొదటిసారి ఆయనకి అక్కడి నుంచే ఫోన్ చేశాను. ఎక్కడ ఏం మార్చాలో విల్సన్ పక్కనుంచి చెబుతుంటే నేను ఆయనకి చెప్పాను. పావుగంట పట్టింది. తర్వాత విల్సన్ తన సెల్లు తీసి ఆసుపత్రికి చేశాడు. అతనిదీ ఆరుతో మొదలయ్యేదే. నువ్వు ఎత్తావట. "ఏం లేదు మేడమ్, చూస్తున్నాను" అని పెట్టేశాడు.

ప్రేమ్


అవనిగడ్డ,
17 అక్టోబరు 2024

ప్రేమ్‌కి,

వందనాలు. ఆ రోజు ఎత్తింది నేనే. గొంతు గుర్తుపట్టాను. మాట్లాడేలోపే పెట్టేశాడు.

సోమవారం కమిటీలో నీ ఉత్తరం చదివాను. నా తప్పు కూడా చెప్పాను. దేవసహాయం గారు విల్సన్‌ని తిరిగి రమ్మని కాగితం రాయించారు. అతను ఇంకా జవాబివ్వలేదు. బందరులో ఏదో షాపులో చేరాడట. వస్తాడో రాడో తెలియదు. వచ్చినా రాకపోయినా నేను వెళ్లి కలవాలి.

నిన్న చిట్టెమ్మని చూడ్డానికి వెళ్లాను. విజయవాడ నుంచి పంపించేశారు, కిడ్నీలు కోలుకుంటున్నాయట. కానీ ఆమె ఉన్నది మొగుడి ఇంట్లో కాదు, పుట్టింట్లో. ఎందుకో అక్కడికి వెళ్లాకే తెలిసింది. ఫోన్ ఎత్తామని కంప్యూటర్ జాబితా చూపించి మన ఆసుపత్రి ఊరంతటికీ చెప్పింది కదా. ఎత్తిన ఫోన్‌లో ఏం మాట్లాడావని ఆమె అన్నదమ్ములు పిచ్చేశ్వరరావుని నిలదీశారు. "పాట వచ్చింది" అంటే నవ్వారట. అంబులెన్స్ అక్కర్లేదని ఇతనే చెప్పి ఉంటాడని తేల్చేశారు. ఆమె అక్కడికి వచ్చినప్పటి నుంచీ ఆ మనిషి రోజూ సైకిల్ మీద వచ్చి వీధిలో నిలబడి చూసి వెళ్తున్నాడు. లోపలికి రానివ్వడం లేదు. నిన్నా అక్కడే ఉన్నాడు.

మనం ఎవరెవర్ని అనుమానించామో నాకు తెలుసు. ఈ మనిషి సంగతి మాత్రం నా బుర్రకే తట్టలేదు.

వరండాలో నిలబడి నీ ఉత్తరం తీసి, అతని పేరున్న చోటు నుంచి చదివాను. 'నాలుగుసార్లూ సరైన నంబరుకే చేశారు' అన్న దగ్గర చిట్టెమ్మ పెద్దన్న, "మళ్లీ చదవండమ్మా" అన్నాడు. మళ్లీ చదివాను. మంచం మీద కూర్చున్న చిట్టెమ్మ వీధి వైపు చూసి, "నాలుగుసార్లు చేశావా?" అంది.

"చేశాను" అన్నాడతను, సైకిల్ వదలకుండా.

"నేనూ నమ్మలేదు" అంది. ఏడుస్తూనే తమ్ముడి వైపు తిరిగి, "సైకిల్ లోపల పెట్టించరా" అంది.

బయలుదేరుతుంటే పిచ్చేశ్వరరావు గేటు దాకా వచ్చాడు. "అమ్మగారూ, ఆ కాగితం నాకిచ్చేస్తారా? చదవడం రాదు నాకు. ఇంకెవరైనా అడిగితే చూపిస్తాను" అన్నాడు.

నిన్ను అడగకుండానే ఇచ్చేశాను. మడతపెట్టి జేబులో పెట్టుకుని, పైన చెయ్యి వేసుకున్నాడు.

నీ మేనత్త,
రూతు